నేరేడు రంగు చేతులు

మా అత్త స్వరాజ్యం గునుగు పూలకు రంగు వేస్తుంటే పక్కన ఎవరూ నోరు విప్పకూడదు. నేను హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. క్లాసునిండా పిల్లల నోళ్లు ఒక్క చూపుతో మూయించగలను గాని, ఆమె ముందు మాత్రం బకెట్టు మోసే మనిషినే.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడిచిన ఏడు. బస్సులు లేవు, బడులు లేవు. శంషాబాద్ బజారులో ఉన్న దుకాణాలు కూడా సగం షట్టరు కిందినుంచే బేరాలు చేస్తున్నాయి. బతుకమ్మ మాత్రం సమ్మె చేయదు కదా. పండగ మొదలయ్యే పెతరమాస అమావాస్య వెళ్లిపోయింది, ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకు పూలు సిద్ధం కావాలి. గట్ల మీద తెల్లగా కంకుల్లా పూసే గునుగును తెచ్చి, కట్టలు కట్టి, కొసలు సమంగా కత్తిరించి, రంగునీళ్లలో ముంచి ఎండబెట్టాలి. ఊరందరిదీ ఒకటే పద్ధతి, సగం గులాబీ, సగం ఆకుపచ్చ. ఆ ఏడు ఆకుపచ్చ పొట్లం ఎక్కడా దొరకలేదు. దొరికిన గులాబీని నేను బకెట్లో కలుపుతుంటే, మా అత్త లోపలికి వెళ్లి తెల్లబట్టలకు పెట్టే నీలిమందు సీసా తెచ్చి అందులో బుడబుడా ఒంపేసింది.

"అత్తమ్మా! ఏం జేస్తున్నవ్?"

"ఊరంత గులాబే పెడ్తరు. మనది జర వేరే ఉండాలె. నువ్వు జూసుకుంట ఉండు."

చూస్తుండగానే నీళ్లు నేరేడు పండు రంగుకు తిరిగాయి. నిజానికి చాలా బాగుంది. ఆ మాట పైకి అంటే సాయంత్రం దాకా వీధంతా చాటింపు వేస్తుందని ఊరుకున్నాను.

ముంచే పని మా అబ్బాయి రాఘవేందర్‌ది. పదో తరగతి. బడి లేక ఇంట్లో కాలు నిలవనివాడు ఆ పొద్దున ఎందుకో బుద్ధిగా కూర్చుని కట్టలు ముంచుతున్నాడు. చేతులు మణికట్ల దాకా నేరేడు రంగు అయ్యాయి.

అప్పుడే పైనుంచి మెట్లు దిగుతూ వరప్రసాద్ ఆగాడు. మా పై పోర్షన్‌లో కిరాయికి ఉండే జగన్మోహనరావు గారి కొడుకు. వాళ్లది భీమవరం వైపు. ఎయిర్‌పోర్టు మొదలైన కొత్తలో ఆయనకు కార్గోలో ఉద్యోగం వచ్చి ఇక్కడికి మారారు. అప్పటినుంచీ ప్రసాద్, మా రాఘవ ఒకే క్లాసు, ఒకే బెంచీ. ఒకడికి లెక్కలు రావు, ఒకడికి తెలుగు రాదు. తెలుగు రానివాడు మావాడే, ఆ సంగతి స్కూల్లో ఎవరైనా ఎత్తితే నాకు తల కొట్టేసినట్టుండేది.

"ఏంట్రా ఆ చేతులు? వంకాయల బుట్టలో పెట్టావా?" అన్నాడు ప్రసాద్.

"నువ్వు గూడ రా. ఒక కట్ట ముంచు."

"క్లాసుందిరా" అనేసి, నాలుక కరుచుకుని నా వైపు చూశాడు.

నాకు తెలుసు. బంద్ అని గేటుకు తాళం వేసి, లోపల పదో తరగతికి మాత్రం పాఠాలు చెప్పిస్తున్నాడు మా కరస్పాండెంటు రామచంద్రయ్య సారు. ఆయన ఎక్కడినుంచో వచ్చినవాడు కాదు, మా ఊరాయనే. ఆయనకు రాష్ట్రం కావాలి, ఆ పక్కనే ఫస్టు ర్యాంకూ కావాలి. పిల్లలు యూనిఫాం లేకుండా, పుస్తకాలు కూరగాయల సంచుల్లో పెట్టుకుని వచ్చేవారు. నన్నూ రమ్మన్నాడు. మా ఆయన శేఖర్ ఆర్టీసీ కండక్టరు, పొద్దున లేస్తే రోడ్డు మీద సమ్మె శిబిరంలో కూర్చుంటున్నాడు. నేను వెళ్లి దొంగచాటుగా పాఠం చెబితే బాగుండదని రానన్నాను. రాఘవనూ పంపలేదు.

"పోరా పో. నువ్వు ఫస్టు రా, మేము రోడ్డు మీద కూసుంటం" అన్నాడు రాఘవ. నవ్వుతూనే అన్నాడు. ప్రసాదూ నవ్వి, కొత్త చారల చొక్కా మీద రంగు చిందకుండా బకెట్టుకు దూరంగా జరిగి వెళ్లిపోయాడు.

కొంతసేపటికి గేటు దగ్గర ఎవరో ఈల వేశారు. రాఘవ చేతులు ప్యాంటుకు రాసుకుంటూ లేచాడు.

"కట్టలు అట్లనే ఇడిసి యాడికిరా?" అని మా అత్త అరిచింది. వాడు వెనక్కి తిరగలేదు. ఆమె తిట్టుకుంటూ మిగిలినవి తనే ముంచింది.

మధ్యాహ్నానికి కబురు వచ్చింది. మల్లేశ్వర్ కొంతమందిని వెంటేసుకుని స్కూలు గేటుకు వెళ్లాడట. మల్లేశ్వర్ అంటే మా వీధి మొదట్లో కూరగాయలు అమ్మే రేణుకమ్మ కొడుకు. శిబిరంలో నినాదాలకు ఆ గొంతే దిక్కు. బంద్ పాటించాల్సిందేనని గేటు పట్టుకుని ఊపాడు, సారుతో మాటా మాటా అనుకున్నాడు. సారు భయపడి పిల్లలను వెనక దారిన పంపించేశాడు. వెనక సైకిళ్ల షెడ్డు ఉంది. అక్కడ ముఖాలకు దస్తీలు కట్టుకున్న ముగ్గురు, అంతమంది పిల్లల్లో ప్రసాద్‌ను ఒక్కణ్నే ఏరుకున్నారు. 'మీ ఊరికి నువ్వు పో' అంటూ కొట్టారు. సైకిలు స్టాండు ఇనుప పైపుకు తల తగిలి, ఎడమ చెవినుంచి రక్తం కారుతుంటే వదిలేసి పారిపోయారు.

నేను ఏ వరండాలో నిలబడి పిల్లలను వరసలో పంపేదాన్నో ఆ వరండా వెనకే ఇది జరిగింది.

అత్తాపూర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్పించారు. జగన్మోహనరావు గారు వరండాలో నిలబడే ఉన్నారు, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆఫీసు బ్యాడ్జీ ఇంకా మెడలోనే ఉంది.

"మేం ఎవరికి ఏం చేశామండీ అరుణ గారూ?" అన్నారు నన్ను చూడగానే. "మీ ఊళ్లో ఇన్నేళ్లున్నాం. ఎవరితోనైనా ఒక మాట తూలామా?"

"మీరేం జెయ్యలేదు సార్" అన్నాను.

ప్రసాద్ తల చుట్టూ కట్టు. ఎడమ చెవి ఇక వినపడే ఆశ లేదని డాక్టరు చెప్పేశారట, వాడికి ఇంకా చెప్పలేదు. నేను కుడివైపు కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరు బిడ్డా? ఎవరన్న తెలిసినోళ్లా?"

"చూడలేదు టీచర్. ముఖాలకి కర్చీఫులు కట్టుకున్నారు."

ఎస్సై అడిగినా అదే చెప్పాడు. చెబుతున్నంతసేపూ గోడ వైపే చూశాడు. భయపడ్డాడు పాపం అనుకున్నాను.

సాయంత్రానికి మల్లేశ్వర్‌ను స్టేషనుకు తీసుకుపోయారు. గేటు ఊపింది అతనే, సారు ఫిర్యాదులో రాసిన పేరూ అదే. రేణుకమ్మ పరుగున మా ఇంటికి వచ్చింది.

"టీచరమ్మా, నీ కాల్మొక్త. నువ్వు చెప్తే సారు ఇంటడు. నా కొడుకు గేటు కాడికెళ్లి కదల్లే, అందరు జూసిన్రు. వాడు లొల్లి పెడ్తడు, నేను కాదంటలేను. పోరగాండ్ల మీద చెయ్యేసెటోడైతే గాదమ్మా."

"నేను మాట్లాడ్త అక్కా. పరేషాన్ గాకు."

ఆమెతో మాట్లాడుతూనే పెరట్లోకి చూశాను. రాఘవ నల్లా దగ్గర కూర్చుని కిరసనాయిలుతో చేతులు రుద్దుకుంటున్నాడు. గునుగు రంగు వదలదు కదా, రుద్దుకోనీ అనుకున్నాను. రాత్రి అన్నం వద్దన్నాడు. స్నేహితుడి కోసం బాధపడుతున్నాడని నాకు వాడి మీద ప్రేమ పొంగింది కూడా.

సద్దుల బతుకమ్మ రేపనగా మంగాదేవి గారు కిందికి వచ్చారు. ప్రసాద్ తల్లి. కొడుకు దవాఖానలోనే ఉన్నాడు, ఈమె స్నానానికి, వంటకు ఇంటికి వచ్చి పోతోంది. చేతిలో తడి చొక్కా ఉంది.

"అరుణ గారూ, ఏమీ అనుకోకండి. ఇది ఆ రోజు వేసుకున్న చొక్కా. చల్లనీళ్లలో నానబెడితే నెత్తురు పోయింది గానీ ఈ రంగేదో పోవడం లేదండీ. మీ పూల రంగులా ఉంది, మీకైతే తెలుస్తుందని. పుట్టినరోజుకి వాడు తనే వెళ్లి ఎంచుకున్న చొక్కా ఇది. పారెయ్యబుద్ధి కావడం లేదు."

"ఇయ్యండి. నేను జూస్త" అన్నాను.

ఆమె మెట్లెక్కి వెళ్లాక చొక్కా విప్పి చూశాను. రెండు చేతుల మీద, భుజాల కింద, వేళ్ల గుర్తులు. నేరేడు రంగువి.

ఊళ్లో అందరి చేతులకూ ఆ వారం రంగు ఉంది. పోలీసులు చూసినా పండగ రంగే అనుకుంటారు. కానీ అవన్నీ గులాబీ చేతులు. నీలిమందు ఒంపిన బకెట్టు శంషాబాద్ మొత్తానికి మా పెరట్లో ఒక్కటే ఉంది.

చొక్కాను మంచం మీద పరిచి చాలాసేపు కూర్చున్నాను. వేళ్లు ముందువైపు ఉన్నాయి, బొటనవేళ్లు వెనక. అంటే వెనకనుంచి పట్టుకున్న చేతులు. కింద పడ్డ మనిషిని లేపాలన్నా వెనకనుంచే కదా పట్టుకుంటాం, లేపిన చేతులేమో, నా కొడుకు పరిగెత్తుకుంటూ వెళ్లి లేపాడేమో. ఆ ఒక్క ఆశను పట్టుకుని ఎంతసేపు వేలాడానో నాకే తెలియదు. మధ్యలో ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నిమ్మకాయ పిండి, సబ్బు రాసి ఎండలో వేస్తే పొద్దుగూకేసరికి మరక మాయమవుతుంది. ఉతికి పెట్టమని ఆ తల్లే ఇచ్చింది.

చొక్కా తీసుకుని మిద్దె మీదికి వెళ్లాను. రాఘవ అక్కడ ఎండిన గునుగు కట్టలు తిరగేస్తున్నాడు. నా చేతిలోది చూడగానే వాడి చేతులు ఆగిపోయాయి.

"రాఘవా, నిజం చెప్పు. లేపినవా బిడ్డా?" అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది. "కింద పడ్డోన్ని లేపినవా?"

అవునని ఉంటే నమ్మేదాన్ని. ఆ సంగతి వాడికీ తెలుసు.

"లేపలే. పట్టుకున్న" అన్నాడు.

"కొట్టిన్రు గదా, అప్పుడు?"

"ఆఁ. ఇంటర్ చదివే ఇద్దరు కొట్టిన్రు. నేను కొట్టలే అమ్మా, ఒట్టు. పట్టుకున్న. ఊకె బెదిరిద్దాం అన్నరు. గంత కొడ్తరనుకోలే."

"ఎందుకు పట్టుకున్నవ్?"

ఇంకో కట్ట తిరగేశాడు. తర్వాత గునుగు కట్టతోనే చెబుతున్నట్టు, తల వంచుకుని చెప్పాడు. సమ్మెకు ముందు క్లాసులో ఎవరో ఎయిర్‌పోర్టు గురించి మాట్లాడుతుంటే ప్రసాద్ అన్నాడట, 'వీళ్ల తాతగారు అక్కడే గడ్డికి నీళ్లు పడతారు, మా నాన్నే పెట్టించారు' అని. క్లాసంతా నవ్వారు. అప్పటినుంచి వాడికి స్కూల్లో 'గడ్డి' అని పేరు పడింది. ఆ పేరు పెట్టినవాళ్లంతా మా ఊరి పిల్లలే.

"అది తాత భూమి అమ్మా. మన భూమిల తాత నీళ్లు పడ్తుంటే, ఆళ్ల నాయిన పెట్టిచ్చిండని చెప్తడా?"

ప్రసాద్ చెప్పింది అబద్ధం కాదు. మా మామ యాదయ్య భూమి ఎయిర్‌పోర్టు కింద పోయింది. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందంటే, జగన్మోహనరావు గారే ఒక కాంట్రాక్టరుతో మాట్లాడి తోటపనిలో పెట్టించారు. గొప్పకు పోయే పిల్లాడు గొప్పగా ఒక మాట అన్నాడు. అది ఎక్కడ గుచ్చుకుంటుందో వాడికి తెలియలేదు. నాకు ఆ మాట మీద కోపం వచ్చింది, నా కొడుకు మీద అసహ్యం వేసింది, రెండూ ఒకేసారి. కన్నకొడుకు మీద అసహ్యం వేయడం ఎలా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు.

శేఖర్ శిబిరం నుంచి వచ్చేసరికి నేను, మా అత్తామామలు వరండాలో ఉన్నాం. రాఘవ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మొత్తం విన్నాడు శేఖర్. కండువా తీసి మడిచి కుర్చీ మీద పెట్టాడు.

"ఉతుకు" అన్నాడు.

"ఏంది?"

"అంగి ఉతికి ఇచ్చెయ్. ఆ పిలగాడు చూడలేదన్నడు గదా. ఇగ అయిపాయె."

"మల్లేశ్వర్ లోపల ఉన్నడు."

"వాన్ని ఇడిపిస్తం. వకీళ్లున్నరు, నాయకులున్నరు. అరుణా, జర సోంచాయించు. జీతం లేకుంట, తిండి లేకుంట రోడ్డు మీద కూసున్నం దేనికి? రేపు పేపర్ల ఏం రాస్తరు? కండక్టర్ శేఖర్ కొడుకు, టీచరమ్మ కొడుకు, పై ఇంట్ల పోరన్ని పట్టుకోని కొట్టిచ్చిండని రాస్తరు. వీళ్ల లొల్లంత గిదే అంటరు. మన నోటితోని మనమే అనిపిచ్చుకుందామా?"

అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ మనిషి ఆ సమ్మెను ఎంత నిజాయితీగా నమ్మాడో నాకు తెలుసు, అందుకే నాకు ఇంకా మండింది.

"మల్లేశ్వర్ ఎవ్వరు మరి? ఆయన గూడ రోడ్డు మీద కూసున్నోడే గదా. మన కొడుకు చేసింది ఆయన మీద వేసి, మనం నినాదాలిద్దామా? గట్ల వచ్చే రాష్ట్రంల నేను పిల్లలకు ఏం పాఠం చెప్పాలె?"

"నీ పాఠాలు నీ బడిల పెట్టుకో!" అని అరిచాడు శేఖర్.

అప్పటిదాకా మాట్లాడని మామ యాదయ్య లేచాడు. తోటపని యూనిఫాం ఇంకా విప్పలేదు, ఆకుపచ్చ చొక్కా. నెమ్మదిగా వెళ్లి మనవడి ఎదురుగా నిలబడ్డాడు.

"నా పేరు మీద కొట్టిన్రారా?"

రాఘవ గోడకు ఇంకా అతుక్కుపోయాడు.

"నీళ్లు పడ్తున్న. దొంగతనం చేస్తలేను. భూమి పోయిన దుఃఖం నాది, నేను పడ్తున్న. పని పెట్టిచ్చిన మనిషికి రోజు దండం పెట్టి వస్తున్న. నాకు లేని సిగ్గు నీకెందుకొచ్చెరా? పిలగాని చెవి పాయెనంట. రేపు నేను ఆ పైపు పట్టుకోని ఆయన ముంగట ఎట్ల నిలవడాలె?"

మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత నా వైపు తిరిగి చాలా మామూలుగా అంది.

"రేణుకమ్మ రేపు ఆటకు రాదంట. ఆమె అందుకోకుంటే నా పాట నడ్వది."

శేఖర్ బయటికి వెళ్లిపోయాడు. నేను చొక్కాను ఉతకలేదు. నిమ్మకాయలు కిటికీలోనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున మా అత్త బతుకమ్మ పేర్చింది. తంగేడు, బంతి, కట్ల పూలు, వాటి మీద గునుగు. నేరేడు రంగు కట్టలు ఒక్కటీ ముట్టుకోలేదు. రంగు వేయని తెల్ల గునుగే వరసలు పెట్టింది. చూడటానికి వచ్చిన పక్కింటావిడ "రంగేదే స్వరాజ్యం?" అంటే, "ఈ ఏడు గింతే" అంది.

మధ్యాహ్నం నేను మెట్లెక్కాను. చొక్కా ఆరింది, మడత పెట్టి పట్టుకున్నాను. మంగాదేవి గారు దవాఖానకు క్యారేజీ కడుతున్నారు.

"మరక పోయిందాండీ?"

"ఉతకలేదు. ఉతకను మంగాదేవి గారూ." నేను ఆ మాట ఎలా చెప్పాలో దారంతా, అంటే ఆ మెట్లంతా, కూడబలుక్కున్నాను. ఏదీ పనికి రాలేదు. "ఇవి మా రాఘవ చేతులు. వాడు పట్టుకుంటే ఇంకొకళ్లు కొట్టిన్రు. ఇప్పుడు స్టేషనుకు తీస్కపోతున్న. మీకు చెప్పకుంట పోవద్దని వచ్చిన."

ఆమె క్యారేజీ మూత పెట్టింది. మళ్లీ తీసింది. మళ్లీ పెట్టింది. అరుస్తుందనుకున్నాను, అరిచినా బాగుండేది.

"ఆ చేతుల్లో ఎన్నిసార్లు అన్నం కలిపి ముద్ద పెట్టానండీ నేను" అంది చివరికి. చొక్కా నా చేతిలోంచి తీసుకుని, ఆ గుర్తులను ఒకసారి అరచేత్తో తడిమి, మళ్లీ నాకే ఇచ్చేసింది. "తీసుకెళ్లండి. వాళ్లకి కావాలి కదా."

పొద్దు వాలుతుండగా నేను, రాఘవ బయలుదేరాం. వీధిలో ఆడవాళ్లంతా పట్టుచీరల్లో, తలల మీద బతుకమ్మలతో మాకు ఎదురొస్తున్నారు. "టీచరమ్మా, ఆటకు రావా?" అని అడిగారు. వస్తానన్నాను. రాఘవ నా పక్కనే నడిచాడు, ఒక్కసారి కూడా వెనకబడలేదు. మూల మలుపులో శేఖర్ నిలబడి ఉన్నాడు. నన్ను చూడలేదు. కొడుకు భుజం మీద చెయ్యేసి మాతో నడిచాడు.

స్టేషన్లో ఎస్సై చొక్కా బల్ల మీద పరచమన్నాడు.

"ఎవ్వరు పట్టుకున్నరు?"

"నేను" అన్నాడు రాఘవ. ఆ ఇద్దరి పేర్లూ చెప్పాడు. గేటు దగ్గరున్న మల్లేశ్వర్ అన్నకు ఏమీ తెలియదనీ చెప్పాడు. ఎస్సై రాసుకుంటూ మధ్యలో ఒకసారి తలెత్తి నన్నూ శేఖర్‌నూ చూశాడు.

మల్లేశ్వర్‌ను బయటికి తెచ్చినప్పుడు అతను నేరుగా రాఘవ దగ్గరికి వచ్చాడు. కొడతాడని శేఖర్ అడ్డం జరిగాడు.

"నేను ఇచ్చే నినాదంల ఎన్నడన్న ఎవ్వన్నన్న కొట్టుమన్ననారా?" అని మాత్రం అడిగాడు. జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత గంట గడిచిందో లేదో, దూరంగా మా వీధి వైపునుంచి పాట అందింది. మా అత్త గొంతు, దాన్ని అందుకుంటూ రేణుకమ్మ గొంతు. నేను స్టేషను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

రాఘవ మైనరు. కొన్ని రోజులు పిల్లల హోములో ఉంచి, మా పూచీకత్తు మీద ఇంటికి పంపారు. కేసు నడుస్తూ ఉంది. శేఖర్ శిబిరంలో తనే నిలబడి జరిగింది చెప్పాడట. ఎవరో చప్పట్లు కొట్టబోతే కూర్చోమన్నాడట. మామ యాదయ్య తోటపని మానలేదు, కాని జగన్మోహనరావు గారి కారు కనబడితే చెట్ల వెనక్కి జరిగేవాడు. మా అత్త నేరేడు రంగు గునుగును మిద్దె మీదినుంచి తీసి, కట్టలు కట్టలుగానే పెరట్లో పాతిపెట్టింది.

సమ్మె ముగిసిన వారంలో వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు, అత్తాపూర్‌లో దవాఖానకు దగ్గరగా. ఉండమని అడిగే ముఖం మాకు లేదు. జగన్మోహనరావు గారు తాళం చెవి ఇస్తూ, "మీరు చేసింది మామూలు పని కాదండీ" అన్నారు. మరుక్షణమే, "అయినా ఇక్కడ ఉండలేం" అన్నారు.

డీసీఎం బండిలోకి సామాన్లు ఎక్కిస్తున్నారు. ప్రసాద్ ఆ మెట్ల మీదే, ఆ రోజు పొద్దున ఆగి నవ్విన చోటే కూర్చుని ఉన్నాడు. కట్టు తీసేశారు. రాఘవ ఇంట్లోంచి బయటికి రావడానికే భయపడి భయపడి, ఆఖరుకు వెళ్లి పక్కన నిలబడ్డాడు. నేను వంటింటి కిటికీ దగ్గర ఉన్నాను. వాడు ఏదో అన్నాడు, పెదవులు కదిలాయి. ప్రసాద్ ముందుకే చూస్తున్నాడు. రాఘవ మళ్లీ అన్నాడు. ప్రసాద్ అప్పుడు గమనించి తల తిప్పాడు.

"ఏమన్నావ్? ఆ వైపు నాకు వినపడదు. ఇటు వచ్చి చెప్పు."

రాఘవ మెట్టు చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చాడు. చెప్పాల్సిన మాట ఇంకోసారి చెప్పడానికి వాడికి నోరు రాలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వేనని నాకు అప్పుడే తెలుసురా" అన్నాడు ప్రసాద్. గొంతులో కోపం లేదు, నాకు ఆ కోపం లేకపోవడమే భరించరానిదిగా ఉంది. "వెనకనుంచి పట్టుకోగానే విడిపించుకుందామని గింజుకున్నా. కిందికి చూస్తే నేరేడు రంగు చేతులు. హమ్మయ్య, రాఘవ వచ్చాడు, నన్ను లాగేసి తీసుకుపోతాడు అనుకున్నా." బండి వైపు చూశాడు. "అందుకే ఇంక గింజుకోలేదు."

మంగాదేవి గారు బండిలోంచి పిలిచారు. ప్రసాద్‌కు వినపడలేదు. ఆమె దిగి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి లేచి, తల్లిని చూసి, ఆమె వెంట వెళ్లి బండి ఎక్కాడు.